చంద్రముఖి నుంచి పొలిమేర దాకా: హారర్ సీక్వెల్స్‌లో ఏది చూడాలి, ఏది వదిలేయాలి

హారర్ సినిమాకి రెండో భాగం తీయడం చాలా కష్టమైన పని. యాక్షన్ సినిమాలో హీరో మళ్లీ వచ్చి కొడితే జనం ఈలలేస్తారు. అదే దెయ్యం మళ్లీ వస్తే, అది ఎవరో, ఎలా చచ్చిందో, ఎవరి మీద పగబట్టిందో ముందే తెలుసు కాబట్టి సగం భయం టికెట్ కొనకముందే పోయి ఉంటుంది. ఆ పోయిన సగాన్ని దర్శకుడు దేంతో పూడుస్తాడన్నదే అసలు పరీక్ష. తెలుగులో తీసినవీ, డబ్బింగ్‌లో వచ్చి తెలుగు సినిమాల్లాగే ఆడినవీ కలిపి ఈ రివ్యూలో చూద్దాం. పోలిక కోసం రెండు హిందీ సినిమాలు కూడా.

టైం లేనివాళ్ల కోసం తీర్పు ముందే చెప్పేస్తున్నా. మా ఊరి పొలిమేర రెండు భాగాలూ వరసగా చూడండి. కాంచన (2011) చూడండి, దాని తర్వాతవి అక్కర్లేదు. చంద్రముఖి 2 వదిలేయండి. రాజుగారి గది 2 చూడొచ్చు, కానీ సీక్వెల్ అనుకుని కాదు. మొదటి భాగాల గుట్లు కొన్ని కింద విప్పక తప్పదు, అవి ఇంకా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోవడం మంచిది.

సీక్వెల్‌ని దేంతో కొలవాలి? నా దృష్టిలో కొలత ఒక్కటే. ఏ దెయ్యం సినిమాకైనా ఒక లెక్క ఉంటుంది: దెయ్యం ఏం చేయగలదు, ఏం చేయలేదు, ఎవరి జోలికి వస్తుంది, దేనికి ఆగుతుంది. మొదటి భాగం ఆ లెక్కని ప్రేక్షకుడికి నేర్పుతుంది. రెండో భాగం ఆ లెక్కకి కట్టుబడి, అందులో మనం గమనించని సందు ఒకటి చూపిస్తే భయం తిరిగొస్తుంది. లెక్క మార్చేసి పేరు మాత్రం ఉంచుకుంటే పోస్టర్ తప్ప ఏమీ మిగలదు. పదేళ్ల కిందట దీన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ, ఎందుకంటే మొదటి భాగం చూసి నాలుగైదేళ్లు అయిపోయేది, గుర్తుండేది కాదు. ఇప్పుడు మొదటి భాగం ఫోన్‌లోనే ఉంటుంది. రిలీజ్‌కి ముందు రోజు రాత్రి మళ్లీ చూసి మరీ హాలుకి వస్తున్నారు. తేడా ఉంటే ఇంటర్వెల్‌కే పట్టేస్తున్నారు.

చంద్రముఖి వరసతో మొదలుపెడదాం, ఎందుకంటే లెక్క తప్పడం అంటే ఏమిటో అక్కడ కనిపించినంత తేటగా ఇంకెక్కడా కనిపించదు. ఈ కథకి మూలం 1993లో ఫాజిల్ తీసిన మలయాళ సినిమా మణిచిత్రత్తాళు. పి. వాసు దాన్ని 2004లో కన్నడంలో ఆప్తమిత్రగా, 2005లో రజనీకాంత్‌తో చంద్రముఖిగా తీశారు. ఈ కథల్లో కీలకం ఏమిటంటే, దెయ్యం లేదు. రాజు మీద పగతో చచ్చిన పాతకాలపు నర్తకి తనేనని నమ్మే, గంగ అనే కోడలి మనసుకి వచ్చిన జబ్బు అది. డాక్టర్ దాన్ని కనిపెట్టి, మందుతో కాదు, ఆమె నమ్మకాన్నే వాడుకుని నయం చేస్తాడు. క్లైమాక్స్‌లో ఆమె చేతికే కాగడా ఇస్తారు. ముఖం మీద పొగ, విభూతి కొట్టి, ఆమెకి కళ్లు కనపడని ఆ క్షణంలో బల్లని తిరగేస్తారు. రాజు వేషంలో ఉన్న మనిషి కిందికి పోయి బొమ్మ పైకి వస్తుంది. రాజుని తగలబెట్టానని నమ్మి చంద్రముఖి శాంతిస్తుంది. దెయ్యాల కథని డాక్టర్ కథగా ముగించిన ఆ బల్ల తిరగడంలోనే సినిమా గొప్పదనం అంతా ఉంది.

అందులో అన్నిటికంటే భయపెట్టే సీన్‌కి గ్రాఫిక్స్ ఏమీ లేవు. బయటికి వెళ్లొద్దని భర్త అంటాడు. గంగ మామూలుగా బతిమాలుతుంది, తర్వాత కాస్త మొండికేస్తుంది, అంతలో గొంతు మారుతుంది, కళ్లు మారతాయి, మంచాన్ని ఒంటి చేత్తో ఎత్తేస్తుంది. చూస్తున్నది ఒక భార్యాభర్తల గొడవ. అది ఎక్కడ దాటిపోయిందో గీత గీసి చూపించలేం. జ్యోతిక నటనలో ఆ మార్పు మెట్టు మెట్టుగా వస్తుంది, కెమెరా ఆమె ముఖాన్ని వదిలిపెట్టదు. ఇంకో సంగతి, తమిళ మాతృకలో చంద్రముఖి తెలుగు నర్తకి. ఆవహించినప్పుడు తెలుగు మాట్లాడుతుంది, ‘రా రా’ పాట తమిళ సినిమాలోనూ తెలుగులోనే ఉంది. ఇంట్లో మనిషి నోట ఒక్కసారిగా పరాయి భాష రావడం తమిళ ప్రేక్షకుడికి గగుర్పాటు. మలయాళ మూలంలో ఆ పని తమిళం చేసింది, 2007 నాటి హిందీ రీమేక్ భూల్ భులయ్యాలో బెంగాలీ చేసింది. మనకి ‘రా రా’ అమ్మ భాషే కాబట్టి ఆ ఒక్క భయం మన వాటాకి రాలేదు.

ఇక సీక్వెల్స్. 2010లో వచ్చిన నాగవల్లి, అదే ఏడాది కన్నడంలో విష్ణువర్ధన్ ఆఖరి సినిమాగా వచ్చిన ఆప్తరక్షకకి రీమేక్. రెండింటికీ పి. వాసే దర్శకుడు. వెంకటేష్ డాక్టర్‌గానూ, నాగభైరవ రాజుగానూ చేశారు. చంద్రముఖి బొమ్మ ఇంకో ఇంటికి చేరడం అన్న ఆలోచన బాగుంది, మొదటి సినిమాని తెలివిగా పొడిగించింది కూడా. కానీ వందేళ్లు దాటిన రాజు ఇంకా బతికే ఉన్నాడనగానే డాక్టర్ కథ కాస్తా మంత్రాల కథ అయిపోయింది. అయినా వెంకటేష్ రాజు వేషంలో చేసిన పని కోసం ఒకసారి చూడొచ్చు.

2023 సెప్టెంబర్ 28న వచ్చిన చంద్రముఖి 2 ఆ మిగిలినదీ వదిలేసింది. రాఘవ లారెన్స్ హీరో, కంగనా రనౌత్ చంద్రముఖి, సంగీతం కీరవాణి. ఒక పెద్ద కుటుంబం కులదైవం గుడికని వచ్చి మొదటి సినిమాలోని అదే కోటలో దిగుతుంది. ఇక్కడ చంద్రముఖి జబ్బు కాదు, నిజంగా ఆత్మ. ఆ ఒక్క నిర్ణయంతో మొదటి సినిమా పునాది కూలిపోయింది. దెయ్యం నిజమే అయితే అప్పుడు డాక్టర్ బల్ల తిరగేసి నయం చేసింది ఎవరిని? సినిమా ఈ ప్రశ్న దగ్గరికే వెళ్లదు. పైగా తలుపు తెరవొద్దనడం, తెరవడం, గజ్జెల చప్పుడు, ఆవహించడం, ఫ్లాష్‌బ్యాక్, చివర నాట్యం, వరస కూడా మారలేదు. ఏ మలుపు ఎప్పుడొస్తుందో పక్క సీటువాడికి చెప్పగలిగినప్పుడు భయపడటం కుదరదు. కంగనా ఫ్లాష్‌బ్యాక్‌లో తప్ప పెద్దగా కనిపించకపోవడం ఇంకో లోటు. కీరవాణి సంగీతం సీన్లని మోయడానికి చాలా కష్టపడింది.

హిందీలో కూడా ఇదే జరిగింది, కానీ ఫలితం వేరుగా వచ్చింది. 2022 నాటి భూల్ భులయ్యా 2లోనూ దెయ్యం నిజమే. తేడా ఏమిటంటే ఆ సినిమా పాత డాక్టర్‌ని, పాత కుటుంబాన్ని తీసుకురాలేదు. కొత్త కోట, కొత్త జనం, కవలల మలుపు, టబు. మంజులిక అనే దెయ్యం పేరు, పాట మాత్రం వాడుకుని, ఇది వేరే కథ అని మొదటి పావుగంటలోనే ఒప్పించింది. మొదటి భాగంతో పోల్చి చూసే అవకాశమే ఇవ్వలేదు. అదే కోటకి తిరిగి వెళ్లిన సినిమా మాత్రం ఆ కోట లెక్కకి జవాబు చెప్పాల్సిందే.

కాంచన వరస దగ్గర ముందుగా పేర్ల గందరగోళం తీర్చాలి. ముని (2007), కాంచన (2011), గంగ (2015, తమిళంలో ఇదే కాంచన 2), కాంచన 3 (2019). అన్నిటికీ లారెన్సే దర్శకుడు, హీరో. కథలకి ఒకదానితో ఒకటి సంబంధం లేదు, కాబట్టి ముని చూడకుండానే కాంచనతో మొదలుపెట్టొచ్చు. చీకటి పడితే వణికిపోయే హీరో, నోరున్న అమ్మగా కోవై సరళ, కాంచన, కాంచన 3లలో వదినగా దేవదర్శిని, అన్నగా శ్రీమాన్, ఈ ఇంటి వాతావరణమే కాంచన నుంచి వరసని కలిపి ఉంచేది.

కాంచన ఎందుకు పనిచేసిందో దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ఇంట్లో దెయ్యం ఉందో లేదో తేల్చుకోవడానికి అత్తాకోడళ్లు చేసే పరీక్షలు గుర్తు తెచ్చుకోండి. ముగ్గు మధ్యలో కొబ్బరికాయ పెడతారు, దెయ్యం ఉంటే అది తనంత తానే తిరగాలి. మనకి తెలిసిన వస్తువులు, మన ఇళ్లలోనే ఉండే నమ్మకాలు. కొబ్బరికాయ కదలకముందు ఇద్దరి మొహాలూ చూసి హాలంతా నవ్వుతుంది, కదిలిన క్షణం అదే హాలు గప్‌చుప్ అయిపోతుంది. నవ్వడానికి వదులు చేసిన ఒళ్లు భయానికి సిద్ధంగా ఉండదు, అందుకే ఆ దెబ్బ తగులుతుంది. నవ్వు ముందు, భయం వెనక, మధ్యలో ఊపిరి తీసుకునే ఖాళీ లేకుండా. ఈ వరసే లారెన్స్ పట్టు.

రెండో బలం శరత్‌కుమార్. సినిమా ఇంతసేపు పిరికివాడి ఒంట్లో చూపించిన దెయ్యం ఎవరో ఫ్లాష్‌బ్యాక్‌లో తెలుస్తుంది. ఇంట్లోంచి గెంటేసినా తలెత్తుకు బతికి, తనలాంటి ఇంకో పిల్లని చేరదీసి డాక్టర్ చదివించిన హిజ్రా కాంచన. ఆసుపత్రి కోసం కొన్న స్థలం కోసం ఆమెని చంపేస్తారు. దెయ్యానికి ఒక న్యాయం ఉంది, ఆ న్యాయం ఎవరికో జరిగిన నిజమైన అవమానంలోంచి వచ్చింది. వేరే నటుడు, వేరే ఒడ్డూపొడుగూ, వేరే గొంతు. అందుకే అది మనకి ‘ఇంకో మనిషి’గా అనిపించింది.

గంగతో ఇది పోయింది. నిత్యా మేనన్ చేసిన, కాలు సరిగా లేని అమ్మాయి పాత్ర మంచిదే. కానీ ఫ్లాష్‌బ్యాక్‌లో శివ కూడా లారెన్సే. కాంచన 3లో కాళి కూడా లారెన్సే. పట్టినవాడూ పట్టబడినవాడూ ఒక్కరే అయ్యేసరికి దెయ్యం మాస్ హీరో అయిపోయింది. దెయ్యం ఎంట్రీకి భయపడాల్సిన చోట ఈలలు పడ్డాయి. వసూళ్ల పరంగా అది తప్పేమీ కాదు, పండగకి పిల్లల్ని తీసుకొచ్చే కుటుంబాలకి అదే కావాల్సింది కూడా. హారర్ కోసం వచ్చినవాడికి మాత్రం ఇంటర్వెల్ తర్వాత సినిమాలో చూడటానికి ఏమీ లేదు.

కాంచననే లారెన్స్ 2020లో అక్షయ్ కుమార్‌తో హిందీలో లక్ష్మిగా తీస్తే, కరోనా కాలంలో నేరుగా హాట్‌స్టార్‌లో వచ్చింది. అవే సీన్లు చాలావరకు ఉన్నా తేలిపోయింది. పక్కన వందమంది కేక పెట్టి, వెంటనే నవ్వేసే హాలు లేకపోతే ఈ ఫార్ములా సగం బలం కోల్పోతుంది. ఒంటరిగా హెడ్‌ఫోన్స్‌తో చూసేవాడికి ఆ అరుపులన్నీ గోలగానే వినిపిస్తాయి.

రాజుగారి గది గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మూడూ ఓంకార్ తీసినవే, కానీ 2017 నాటి రెండోది మలయాళ ప్రేతంకి రీమేక్, 2019 నాటి మూడోది తమిళ దిల్లుకు దుడ్డు 2కి రీమేక్. మూడు వేర్వేరు కథలకి ఒక బోర్డు తగిలించారు, అంతే. వీటిలో రెండోది నయం. మనసులో మాట చదివే మెంటలిస్ట్‌గా నాగార్జున నింపాదిగా చేశారు, సమంత ఫ్లాష్‌బ్యాక్‌లో చెప్పిన విషయం, అంటే ఒక అమ్మాయి వీడియో బయటికి రావడం, చూసేవాడిని ఆలోచనలో పడేస్తుంది. 2024 ఏప్రిల్ 11న వచ్చిన గీతాంజలి మళ్ళీ వచ్చింది మాత్రం నిజమైన సీక్వెలే. అంజలి, శ్రీనివాసరెడ్డి బృందం మళ్లీ వచ్చారు, దెయ్యాలున్న సంగీత్ మహల్‌లో షూటింగ్ అనే ఆలోచన కామెడీకి బాగా అమరింది. సత్య, సునీల్ ఉన్న సీన్లకి నవ్వొస్తుంది. 2014 నాటి మొదటి భాగంలో ఇదే పద్ధతి ఆడింది. పదేళ్ల తర్వాత అదే కొలతలో కలిపితే భయం పాలు దాదాపు మాయమైంది.

ఆ పదేళ్లలో ఏం జరిగింది? 2022 నవంబర్‌లో మసూద వచ్చింది. కామెడీ ట్రాక్ లేదు, పెద్ద హీరో లేడు, కథ ముడి విప్పడానికి తీరిగ్గా సమయం తీసుకుంది, అయినా జనం కూర్చున్నారు. 2023 ఏప్రిల్‌లో విరూపాక్ష వచ్చింది. రుద్రవనం అనే ఊరు, వరసగా చావులు, అజనీష్ లోకనాథ్ సంగీతం. ఈ రెండూ ఆడాక, దెయ్యం సినిమా అంటే నవ్వించి తీరాలన్న నియమం పోయింది. థియేటర్లు మూసి ఉన్న రోజుల్లో కొరియా, ఇండోనేషియా సినిమాల్ని సబ్‌టైటిల్స్‌తో చూసిన కుర్రాళ్లకి, తలుపు కిర్రుమనడం తర్వాత పిల్లి దూకడం ఇక సరిపోవడం లేదు. చప్పుడుతో ఉలిక్కిపడేలా చేయడం తేలిక: రెండు మూడు సెకన్లు నిశ్శబ్దం, ఫ్రేమ్‌లో ఒక పక్క ఖాళీ, ఆ ఖాళీలోంచి ముఖం, దాంతోపాటే పెద్ద శబ్దం. అదే కొలతతో పదిసార్లు చేస్తే నాలుగోసారికే చూసేవాడు లోపల లెక్కపెట్టుకోవడం మొదలెడతాడు. మంచి దర్శకుడు ఆ లెక్క పూర్తయ్యాక కూడా ముఖం చూపించడు. ఒళ్లు వదులు చేశాక, అనుకోని చోట చూపిస్తాడు.

ఈ కొత్త ప్రేక్షకుడి కోసమే తీసినట్టుంటుంది పొలిమేర. డా. అనిల్ విశ్వనాథ్ దర్శకత్వంలో మొదటి భాగం 2021 డిసెంబర్‌లో నేరుగా హాట్‌స్టార్‌లో వచ్చింది. చిన్న బడ్జెట్, కమెడియన్‌గా తెలిసిన సత్యం రాజేష్ హీరో. జాస్తిపల్లి అనే ఊరు, ఆటో నడుపుకునే కొమిరి, భార్య లక్ష్మి, పోలీస్ తమ్ముడు జంగయ్య, ఊళ్లో చేతబడి చావులు. కొమిరి మంచివాడని సినిమా చాలాసేపు నమ్మిస్తుంది. అబద్ధం చెప్పదు, చూపించాల్సిన ముక్కని చూపించకుండా పక్కన పెడుతుంది. నిమ్మకాయ, పసుపు, ముగ్గుపిండి, పొలిమేర దాటాక ఉండే చీకటి, ఇవి మన ఊళ్లలో చిన్నప్పటి నుంచి భయపెట్టినవే కాబట్టి కొత్తగా పరిచయం చేయాల్సిన పని లేదు. రాజేష్ ముఖం మనకి నవ్వుతోనే గుర్తు, అది కూడా దర్శకుడికి కలిసొచ్చింది. ఆ ముఖం మీద అనుమానం మోపడానికి మనసు ఒప్పుకోదు.

2023 నవంబర్ 3న రెండో భాగం థియేటర్లలోకి వచ్చింది. ఓటీటీలో నోటి మాటతో పెరిగిన సినిమాకి రెండో భాగం హాలుకి రావడం మన దగ్గర అరుదు. ఇది మొదటి భాగం ఆగిన చోటే మొదలవుతుంది. లెక్క ఎక్కడా మార్చలేదు. పాత సంఘటనల్నే పక్కకి జరిగి ఇంకో వైపు నుంచి చూపిస్తుంది, అప్పుడు మనం చూసి వదిలేసిన చిన్న చూపుకీ, సగంలో ఆగిన మాటకీ అర్థం మారిపోతుంది. కామాక్షి భాస్కర్ల చేసిన లక్ష్మి పాత్రని గమనిస్తూ ఉండండి. మొదటి భాగంలో ఇంటిపట్టున ఉండే మనిషి, రెండో భాగానికి కథ బరువు మోస్తుంది. జంగయ్యగా బాలాదిత్య, స్నేహితుడు బలిజగా గెటప్ శ్రీను కూడా మొదటి భాగం కంటే నిలబడ్డారు.

లోపాలు లేకపోలేదు. తొలి గంటలో మొదటి భాగం చూడనివాళ్ల కోసం చెప్పిందే చెప్పడం ఎక్కువైంది. గుడి, నిధి కథలోకి వచ్చాక చేతబడి భయం పలచబడి సస్పెన్స్ సినిమాగా మారుతుంది. గుడి దగ్గరి గ్రాఫిక్స్ బడ్జెట్ చాలక తెలిసిపోతాయి. ముగింపు మూడో భాగానికి దారి వేయడంలో పడి, ఈ భాగానికి దక్కాల్సిన తృప్తిని కొంత దాచేసుకుంది. ఇన్ని ఉన్నా, మొదటి భాగాన్ని మళ్లీ చూడాలనిపించేలా చేసిన తెలుగు హారర్ సీక్వెల్ నాకు తెలిసి ఇదొక్కటే.

లెక్కని పొడిగించడంలో ఇంకో మంచి ఉదాహరణ 2024 ఆగస్ట్ 15న వచ్చిన హిందీ స్త్రీ 2. గోడల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్న రోజులు మన పల్లెల్లో పెద్దవాళ్లకి ఇంకా గుర్తే, కన్నడ దేశంలో ‘నాళె బా’ అదే. 2018 నాటి మొదటి భాగం ఆ రాతనే కథ చేసుకుంది: స్త్రీ అనే దెయ్యం మగవాళ్లని ఎత్తుకుపోతుంది, రాసి ఉన్న ఇంటికి రాదు. ఆ భాగం చివర్లోనే రాత మారింది. ‘రేపు రా’ పోయి ‘కాపాడు’ అని వేడుకోవడం వచ్చింది, రెండో భాగం ఆ మాటనే పట్టుకుంది, ఎందుకంటే ఈసారి వచ్చిన తల లేని సర్కటా ఆడవాళ్లని ఎత్తుకుపోతాడు. గోడ మీద ఒక్క మాట మార్చి, పాత భయాన్నే కొత్త భయానికి అడ్డుగా నిలబెట్టారు. చంద్రముఖి 2 చేయలేకపోయింది సరిగ్గా ఇదే. క్లైమాక్స్‌లో అతిథి పాత్రల హడావుడి మాత్రం అనవసరం.

ఇంట్లో చూసేవాళ్లకి కొన్ని సూచనలు, ఎందుకంటే హారర్‌ని చెడగొట్టేది చాలాసార్లు టీవీ సెట్టింగులే. ఆటో వాల్యూమ్, నైట్ మోడ్ లాంటివి ఆపేయండి. అవి చిన్న శబ్దాన్ని పెంచి పెద్ద శబ్దాన్ని తగ్గిస్తాయి, రెండింటి మధ్య తేడా మీదే ఈ సినిమాలు బతుకుతాయి. మోషన్ స్మూతింగ్ (కదలికల్ని నున్నగా చేసే సెట్టింగు) ఆన్‌లో ఉంటే సినిమా సీరియల్‌లా కనిపిస్తుంది, అదీ తీసేయండి. పొలిమేర లాంటి చీకటి సినిమాని యాప్‌లో డేటా సేవర్ పెట్టి చూస్తే నలుపంతా గళ్లుగళ్లుగా విరిగిపోతుంది, మూలన నిలబడ్డ మనిషి కనపడడు. కాబట్టి ఎక్కువ క్వాలిటీ పెట్టండి, గదిలో లైటు తీసేయండి, కిటికీ వెలుగు తెర మీద పడకుండా చూసుకోండి. టీవీ స్పీకర్లలో లోతైన శబ్దాలు రావు, విరూపాక్ష లాంటివాటికి చవక సౌండ్‌బార్ అయినా చాలా తేడా తెస్తుంది. కాంచన మాత్రం ఒంటరిగా చూడొద్దు. నలుగురు ఉన్నప్పుడు, అందులో ఒకరైనా పిరికివాళ్లు ఉన్నప్పుడు పెట్టండి.

పొలిమేర మొదటి భాగం హాట్‌స్టార్‌లోనూ, రెండోది ఆహాలోనూ వచ్చాయి. హక్కులు చేతులు మారుతుంటాయి కాబట్టి చూసే ముందు ఒకసారి వెతుక్కోండి. రెండింటి మధ్య వారం గ్యాప్ ఇవ్వకండి, ఒకే రాత్రి కాకపోయినా మర్నాడైనా రెండోది చూసేయండి. మొదటి భాగంలో లక్ష్మి ఉన్న సీన్లు మనసులో తాజాగా ఉంటేనే రెండో భాగంలో అవి తిరగబడటం తెలుస్తుంది. మూడో భాగం కూడా ప్రకటించారు. గుడి నిధి సంగతి తేల్చడంతో పాటు, రెండో భాగంలో పలచబడిన చేతబడిని మళ్లీ కథ నడిమధ్యకి తెస్తే దానికి టికెట్ కొనొచ్చు.